చెసపీక్ అఖాతం: నీటికి కట్టిన లెక్కల చరిత్ర

అమెరికా తూర్పు తీరంలో నేలలోకి చొచ్చుకుపోయిన చెసపీక్ అఖాతం ఆ దేశంలోకెల్లా పెద్ద నదీముఖం. సుమారు 320 కిలోమీటర్ల పొడవునా నదుల మంచినీరూ అట్లాంటిక్ ఉప్పునీరూ అందులో కలుస్తాయి. పొడవుకు తగ్గ లోతు మాత్రం లేదు, సగటున ఆరున్నర మీటర్లే. ఇంత తక్కువ నీటిలోకి 1,66,000 చదరపు కిలోమీటర్ల నేల మీద కురిసిన వాన పారి చేరుతుంది. ఆ నేల న్యూయార్క్, పెన్సిల్వేనియా, డెలావేర్, మేరీలాండ్, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాలది. రాజధాని వాషింగ్టన్ కూడా అందులోదే. వచ్చే మంచినీటిలో దాదాపు సగం ఒక్క సస్క్వెహన్నా నదే తెస్తుంది. ఆ నది చాలా దూరం పారేది పెన్సిల్వేనియాలో, కానీ ఆ రాష్ట్రానికి అఖాతం ఒడ్డున అంగుళం తీరం కూడా లేదు. ఎగువన పొలంలో చల్లిన ఎరువు దిగువన పీతలు పట్టుకునేవాడి బతుకును దెబ్బతీస్తుంది. కృష్ణా నీటి వాటాల మీద ట్రిబ్యునళ్లను చూసిన తెలుగువారికి రాష్ట్రాల నదీ తగాదా కొత్తదేమీ కాదు. అయితే చెసపీక్‌లో రాష్ట్రాలు పంచుకోవలసి వచ్చింది కాలుష్యం తగ్గించే భారాన్ని. ఆ పంపకం ఒక కంప్యూటర్ మోడల్ చెప్పిన అంకెల మీద జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది.

పాడుకాక ముందు అఖాతం ఎలా ఉండేదన్న దానికి ఆల్చిప్పలే పెద్ద సాక్ష్యం. 1880ల మధ్యలో ఒక్క మేరీలాండ్ పడవలే ఏడాదికి కోటిన్నర బుషెళ్ల ఆల్చిప్పలు తీశాయి. తవ్వి తీసిన కొద్దీ అవి పెరిగిన గట్లే మాయమయ్యాయి, మిగిలినవాటిని 20వ శతాబ్దంలో రోగాలు తినేశాయి. ఆల్చిప్ప నీటిని వడగట్టి అందులోని నాచును తిని బతుకుతుంది. 1988లో రోజర్ న్యూవెల్ అనే జీవశాస్త్రవేత్త దీని మీద ఒక చిన్న లెక్క వేశారు. 1870కి ముందున్న ఆల్చిప్పలు అఖాతం నీటినంతా వారం లోపే వడగట్టగలిగేవి. ఆయన కాలానికి మిగిలినవాటికి ఆ పని చేయడానికి దాదాపు ఏడాది పడుతుంది. పైనీరూ అడుగునీరూ ఒకటిగా కలిసిపోతాయన్న ఊహ మీద నిలిచిన లెక్క కనుక తర్వాతివారు దాన్ని తప్పుపట్టారు. అయినా ఆల్చిప్పల పునరుద్ధరణ కోరేవారికి అంత సులువుగా నోట నిలిచే అంకె మరొకటి దొరకలేదు.

నీటి ఆరోగ్యాన్ని సమీకరణంగా రాసే పద్ధతి అంతకు చాలా ముందుదే. 1925లో హెరాల్డ్ స్ట్రీటర్, ఎర్ల్ ఫెల్ప్స్ ఒహాయో నది మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. మురుగు నదిలో కలిశాక బాక్టీరియా ఎంత వేగంగా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, గాలి నుంచి నీరు ఎంత వేగంగా దాన్ని తిరిగి తీసుకుంటుంది అన్న రెండు వేగాలే ఆ సమీకరణంలో ఉన్నాయి. పట్నం దాటాక ఎన్ని మైళ్ల దిగువన చేపలకు ఊపిరాడదో దానితో చెప్పవచ్చు. 1960ల్లో రాబర్ట్ థోమాన్ వంటి ఇంజనీర్లు డెలావేర్ నదీముఖాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకూ ఇలాంటి లెక్కను కంప్యూటర్ మీద వేశారు. చెసపీక్‌కు చివరికి పనికొచ్చింది ఈ దారే. కానీ ప్రభుత్వం మొదట డబ్బు పోసింది ఇంకో దాని మీద.

అది కాంక్రీటు. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానికి నదుల బొమ్మలు కట్టి నీరు పారించి చూడడం పాత అలవాటు. మిసిసిపీ నదికి రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడిన జర్మన్ ఖైదీల శ్రమతో నమూనా కట్టడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అడ్డుకట్టలు వేసి మంచినీటి చెరువులు చేయాలన్న జాన్ రెబర్ పథకం పనికిరాదని సాసలీటోలో కట్టిన నమూనా తేల్చింది. అదే ధోరణిలో చెసపీక్‌కు 1965లో అనుమతి వచ్చింది. మేరీలాండ్‌లోని కెంట్ దీవి మీద, మటపీక్ వద్ద, 14 ఎకరాల కప్పు కింద సుమారు తొమ్మిది ఎకరాల కాంక్రీటు అఖాతం 1976లో తయారైంది. అడ్డంగా వెయ్యో వంతు, లోతులో నూరో వంతు కొలత. ఆ కొలతలకు కాలం నూరు రెట్లు వేగంగా నడుస్తుంది. పన్నెండు గంటలకు పైగా పట్టే ఆటుపోటు ఏడున్నర నిమిషాల్లో ముగుస్తుంది, ఏడాది నాలుగు రోజులు నిండకుండానే గడిచిపోతుంది.

ఇంజనీరింగ్‌గా చూస్తే అద్భుతమే, కాలాన్ని బట్టి చూస్తే మాత్రం పుట్టేనాటికే ముసలిది. ఓడల కాలువ లోతు చేస్తే ఉప్పు ఎంత పైకి ఎక్కుతుంది, నదిలో నీరు తగ్గితే ఏమవుతుంది వంటి ప్రశ్నలకు అది జవాబు చెప్పగలదు. నాచు పెరగడం, కుళ్లడం, ఆక్సిజన్ తరిగిపోవడం కాంక్రీటులో జరిగేవి కావు. అప్పటికి అఖాతాన్ని పీడిస్తున్నవి అవే. ఈ పని కంప్యూటర్లు చవకగా చేయడం మొదలయ్యేసరికి, 1980ల తొలి ఏళ్లలోనే మటపీక్ నమూనాను మూసేశారు.

ఈ మధ్యలో 1972 జూన్‌లో ఆగ్నెస్ తుపాను వచ్చింది. సస్క్వెహన్నా కొన్ని రోజుల్లోనే ఎన్నో ఏళ్ల మట్టిని తెచ్చి అఖాతంలో పోసింది. నీటి అడుగున పెరిగే గడ్డి పెద్ద విస్తీర్ణంలో చచ్చిపోయింది. పీతపిల్లలు దాక్కునేదీ, బాతులు మేసేదీ ఆ గడ్డే. తుపాను పోయినా గడ్డి తిరిగి మొలవకపోవడంతో వేరే కారణం ఉందన్న అనుమానం బలపడింది. మేరీలాండ్ సెనేటర్ చార్లెస్ మథాయస్ 1973లో అఖాతం చుట్టి వచ్చి, కాంగ్రెస్ చేత ఒక పెద్ద అధ్యయనానికి డబ్బు ఇప్పించారు. 2.7 కోట్ల డాలర్ల ఆ పని 1976లో మొదలై 1983లో ముగిసింది. పొలాల నుంచీ, పట్నాల మురుగు నుంచీ వచ్చే నత్రజని, భాస్వరాలే ప్రధాన దోషులని తేలింది. అవి నాచును పెంచుతాయి. నాచు వెలుగును అడ్డుకుని అడుగు గడ్డిని చంపుతుంది. చచ్చిన నాచు కుళ్లుతూ లోతు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది.

ఇది చదవడానికి తేలికగా ఉన్నా, అప్పట్లో దీని మీద పెద్ద గొడవే నడిచింది. మంచినీటి చెరువుల్లో నాచును అదుపు చేసేది భాస్వరం. కాబట్టి భాస్వరం తీస్తే చాలు, నత్రజని తీయడానికి అంత ఖర్చెందుకని కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ, మేరీలాండ్ అధికారులు వాదించారు. వారి మోడళ్లూ ఆ నమ్మకంతోనే తయారయ్యాయి. పటుక్సెంట్ నది దిగువ కౌంటీలు దీన్ని ఒప్పుకోక కోర్టుకెక్కాయి. ఆ పోరులో ముందున్న స్థానిక నాయకుడు బెర్నీ ఫౌలర్. తన చిన్నతనంలో ఛాతీ లోతు నీటిలో నిలబడినా పాదాలు కనిపించేవని చెప్పేవాడు. స్టేట్ సెనేటర్ అయ్యాక 1988 నుంచి ఏటా జూన్‌లో తెల్ల బూట్లతో నదిలోకి దిగి, బూట్లు కనుమరుగయ్యే లోతును కొలిపించేవాడు. ఆ కొలతలో శాస్త్రం తక్కువే కావచ్చు, కానీ దాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు. క్రిస్టఫర్ డెలియా తదితర పరిశోధకులు పటుక్సెంట్ నీటిని పెద్ద తొట్లలో నింపి పరీక్షించినప్పుడు, ఉప్పు కలిసిన నీటిలో వేసవి నాచును నిలవరించేది నత్రజని అని రుజువైంది. 1981 డిసెంబరులో అన్ని పక్షాలనూ ఒకచోట కూర్చోబెట్టగా రెండింటినీ తగ్గించాలని ఒప్పందం కుదిరింది. మోడల్ అడిగినదానికే బదులిస్తుంది తప్ప అడగని ప్రశ్నను తానై లేవనెత్తదు. పటుక్సెంట్‌లో ఆ ప్రశ్నను తొట్లే లేవనెత్తాయి.

1983 డిసెంబరు 9న మేరీలాండ్, వర్జీనియా, పెన్సిల్వేనియా గవర్నర్లు, వాషింగ్టన్ మేయర్, రాష్ట్రాల శాసనసభ్యుల సంఘమైన చెసపీక్ బే కమిషన్, కేంద్ర పర్యావరణ పరిరక్షణ సంస్థ తొలి చెసపీక్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అందులో అంకెలు లేవు. అంకెలు రావాలంటే ఏ నది నుంచి, ఏ కౌంటీ నుంచి, ఏ పంట కింద నుంచి ఎంత నత్రజని వస్తోందో తెలియాలి. ప్రతి వాగు దగ్గరా కొలత తీయడం కుదిరే పని కాదు. అందుకే పరీవాహక మోడల్‌ను ఆశ్రయించారు. దాని మూలం 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ క్రాఫర్డ్, రే లిన్‌స్లీ చేసిన మోడల్. వాన పడితే ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది, పారేది ఏమేం కడిగి తీసుకుపోతుందని గంటగంటకూ లెక్కిస్తుంది. ఫోర్‌ట్రాన్‌లో తిరగరాసిన దాని వారసుడే చెసపీక్ పరీవాహక మోడల్‌కు వెన్నెముక.

ఆ లెక్కల ఆసరాతో 1987 ఒప్పందం తొలిసారి ఒక అంకె పెట్టింది. 1985తో పోలిస్తే 2000 నాటికి నత్రజని, భాస్వరం 40 శాతం తగ్గాలి. అయితే ఆ 40 శాతం మొత్తం మీద కాదు, ‘అదుపు చేయదగిన’ భాగం మీదే. గాలి నుంచి పడేదాన్నీ, సంతకం చేయని రాష్ట్రాల నుంచి వచ్చేదాన్నీ పక్కన పెట్టేశారు. భాస్వరం విషయంలో దారి సుళువైంది: భాస్వరం ఉన్న బట్టల సబ్బు పొడులను మేరీలాండ్ 1985లో, వర్జీనియా 1988లో, పెన్సిల్వేనియా 1990లో నిషేధించాయి.

నత్రజనికి అలాంటి దగ్గరి దారి లేకపోయింది. 1990ల మొదట్లో విక్స్‌బర్గ్‌లోని సైన్యపు ప్రయోగశాలలో కార్ల్ సెర్కో, థామస్ కోల్ అఖాతానికి మూడు కొలతల మోడల్ తయారుచేశారు. నీటిని సుమారు 4,000 గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో నాచు, ఆక్సిజన్, పోషకాల జమాఖర్చు చూసే మోడల్ అది. 2010 నాటికి గదులు 57,000 అయ్యాయి. దీని అసలు బలం అడుగు బురద. 1983 వేసవిలో పొటోమాక్ నదిలో మోడళ్లు ఊహించని నాచు విరగబడి పెరిగింది. నీటిలో క్షారగుణం పెరిగి, బురదలో ఏళ్లుగా పేరుకున్న భాస్వరం పైకి రావడమే కారణమని నిపుణులు తేల్చారు. బురద చెత్తకుండీ లాంటిది కాదనీ, ఇచ్చిపుచ్చుకునే సజీవమైన పొర అనీ గుర్తించాక, డొమినిక్ డిటోరో దానికి ప్రత్యేక సమీకరణాలు రాశారు. మరోవైపు గాలి మోడల్‌ను కలిపి చూస్తే, అఖాతానికి చేరే నత్రజనిలో దాదాపు మూడో వంతు కార్ల పొగ, విద్యుత్ కేంద్రాల గొట్టాలు, పశువుల పెంట నుంచి గాలిలోకెక్కి తిరిగి నేలకు దిగినదని తేలింది. ఒహాయో బొగ్గు కేంద్రం పొగ మేరీలాండ్ పీతల లెక్కలోకి వచ్చింది.

మోడల్‌తో శాస్త్రవేత్తలు చేసే పని ఒకటి, ప్రభుత్వాలు చేసేది వేరు. ఫలానా పద్ధతి పాటిస్తే ఎంత తగ్గుతుందని పరీక్షించే సాధనాన్ని, పద్ధతి పాటించారు కనుక ఇంత తగ్గిందని చాటే పద్దుపుస్తకంగా వాడుకోవడం మొదలైంది. వాగు పక్కన చెట్లు నాటితే ఇంత జమ, కోతల తర్వాత నేల ఖాళీగా ఉండకుండా చలికాలపు పైరు వేస్తే ఇంత జమ, కోళ్ల పెంట నిల్వకు షెడ్డు కడితే ఇంత జమ. 2004లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఈ జమలను నదుల్లో తీసిన నమూనాలతో పోల్చి, ప్రగతిని పెంచి చెబుతున్నారని రాసింది. మరుసటి ఏడాది కాంగ్రెస్ ఆడిట్ సంస్థ కూడా అదే మాట అన్నది: అఖాతం స్థితిని చెప్పేటప్పుడు మోడల్ ఫలితాల మీద మితిమీరి ఆధారపడుతున్నారని, కొలతలనూ అంచనాలనూ కలగాపులగం చేస్తున్నారని.   గొడవ జరిగిన ఏడాదే, 2004లో, మేరీలాండ్ ప్రతి ఇంటి మీదా నెలకు రెండున్నర డాలర్ల రుసుము వేసి మురుగు శుద్ధి కేంద్రాలను ఆధునీకరించడానికి నిధి పెట్టింది. జనం దానికి ‘ఫ్లష్ ట్యాక్స్’ అని పేరు పెట్టారు. శుద్ధి కేంద్రం గొట్టం దగ్గర కొలత తీయవచ్చు గనుక ఈ పద్దులో వాదనకు చోటు లేదు. నత్రజని తగ్గుదలలో గట్టి భాగం ఇక్కడి నుంచే వచ్చింది.

2000 నాటి గడువు దాటిపోయింది. ఆ తర్వాత పెట్టుకున్న 2010 గడువూ తప్పనున్నదని తెలిశాక, 2009 మేలో అధ్యక్షుడు ఒబామా ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. 2010 డిసెంబరు 29న పర్యావరణ పరిరక్షణ సంస్థ అఖాతంలోని 92 భాగాలకూ కలిపి కాలుష్య పరిమితి ప్రకటించింది. ఏడాదికి 18.59 కోట్ల పౌండ్ల నత్రజని, 1.25 కోట్ల పౌండ్ల భాస్వరం, 645 కోట్ల పౌండ్ల మట్టి. ఇది నత్రజనిలో 25 శాతం, భాస్వరంలో 24 శాతం, మట్టిలో 20 శాతం కోత. చర్యలన్నీ 2025కల్లా పూర్తికావాలని గడువు పెట్టింది. అమెరికాలో ఇంత పెద్ద పరీవాహక ప్రాంతానికి ఇలాంటి పరిమితి అంతకుముందు లేదు. లోతు నీటిలో ఆక్సిజన్ ఫలానా స్థాయికి రావాలంటే పైన ఏ రాష్ట్రం ఎంత వదలాలన్నది మోడల్‌ను వెనక్కి నడిపి తేల్చారు. అఖాతానికి ఎక్కువ హాని చేసే నదీ ప్రాంతాలకు ఎక్కువ కోత పడింది.

రైతు సంఘాల సమాఖ్య 2011 జనవరిలో కోర్టుకెళ్లింది. నేల వాడకం మీద నిర్ణయం రాష్ట్రాలది, కేంద్రం ఇంత వివరంగా వాటాలు వేయకూడదన్నది ప్రధాన వాదన. మోడల్‌లో తప్పులున్నాయన్నది రెండోది. సమాఖ్య వైపు 21 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు నిలిచారు. వాటిలో చాలావాటికి చెసపీక్‌తో సంబంధమే లేదు. ఈ పద్ధతి రేపు మిసిసిపీకి వస్తుందన్నదే వాటి భయం. 2013లో జిల్లా జడ్జి సిల్వియా రాంబో, 2015లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు పర్యావరణ సంస్థనే సమర్థించాయి. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించింది. మోడల్ అసంపూర్ణమైనా సహేతుకంగా వాడితే చట్టానికి సరిపోతుందన్న సూత్రం ఇలా స్థిరపడింది.

పద్దుపుస్తకం కోర్టులో నిలిచాక, దాంట్లోకి తమ జమలు ఎక్కించుకునే తాపత్రయం పెరిగింది. పెన్సిల్వేనియా సమస్య అందరికన్నా చిక్కైనది. లాంకాస్టర్ కౌంటీలో ఎందరో రైతులు ఆమిష్ మతస్థులు. ప్రభుత్వ సొమ్ము తీసుకోవడానికి వారి ఆచారం ఒప్పుకోదు. సొంత ఖర్చుతో వాగు గట్టున కంచె వేసినా, రాయితీ కాగితం లేనందున అది లెక్కలోకి రాదు. 2016లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం సర్వే చేస్తే 6,700 మందికి పైగా రైతులు తాము చేసినవి రాసి పంపారు. కొందరి పొలాలకు వెళ్లి సరిచూశాక వాటిని మోడల్‌లో చేర్చారు. దీంతో నదిలో నీరు ఒక్క చుక్క కూడా అదనంగా శుభ్రపడలేదు, రాష్ట్రం పద్దు మాత్రం మెరుగైంది.

లెక్క తారుమారు చేసిన సంగతులు రెండు ఉన్నాయి. మొదటిది సస్క్వెహన్నా మీద 1928లో కట్టిన కొనొవింగో ఆనకట్ట. దాని వెనక జలాశయం ఎనభై ఏళ్లుగా మట్టినీ భాస్వరాన్నీ పట్టి ఉంచింది. 2010 పరిమితి వేసినప్పుడు ఇంకా కొన్నాళ్లు పట్టి ఉంచుతుందనే అనుకున్నారు. 2011 సెప్టెంబరులో లీ తుపాను వరద తర్వాత భూగర్భ సర్వే సంస్థకు చెందిన రాబర్ట్ హిర్ష్ పాత కొలతలన్నీ తిరగేసి, జలాశయం దాదాపు నిండిపోయిందని చూపించారు. ఇక పైనుంచి వచ్చేది కిందికే పోతుంది. ఆనకట్ట ఉచితంగా చేసిపెట్టిన పనిని ఎవరి వాటాలో వేయాలన్న తగువు ఏళ్ల తరబడి సాగింది.

రెండోది వాతావరణ మార్పు. 2010 లెక్కలు 1990ల వానలనూ వేడినీ ఆధారంగా తీసుకున్నవి. మోడల్‌ను దశలవారీగా మెరుగుపరుస్తూ ఆరో దశ సిద్ధమయ్యాక, 1995 నుంచి 2025 వరకు వచ్చిన మార్పును దానితో పరీక్షించారు. వానలు పెరిగి నేల నుంచి ఎక్కువ నత్రజని కొట్టుకొస్తోంది. వెచ్చబడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. సముద్రమట్టం పెరగడం మాత్రం వింతగా కొంత మేలు చేస్తున్నట్టు మోడల్ చూపింది: చల్లని, ఆక్సిజన్ ఉన్న సముద్రపు నీరు అడుగున ఎక్కువగా లోనికి వస్తోంది. అన్నీ కలిపితే ఫలితం నష్టమే. 2020 చివర్లో రాష్ట్రాలు అదనంగా సుమారు 50 లక్షల పౌండ్ల నత్రజని, 6 లక్షల పౌండ్ల భాస్వరం తగ్గించే బాధ్యతను పంచుకున్నాయి. వాతావరణ మార్పు భారాన్ని పౌండ్లలో తూచి రాష్ట్రాల మధ్య పంచిన ఉదాహరణలు ప్రపంచంలో అరుదు.

ఈ కృషికి అఖాతం ఎలా స్పందించిందన్నదానికి జవాబు ఒకటి కాదు. అడుగు గడ్డి 1984లో సుమారు 38 వేల ఎకరాలుంటే 2017లో లక్ష దాటి 1,04,000 ఎకరాలకు చేరింది. ఏళ్ల తరబడి పోషకాలు తగ్గించడమే దీనికి కారణమని 2018లో వచ్చిన ఒక పరిశోధన నిర్ధారించింది. అదే ఏడాది విపరీతంగా వానలు పడ్డాయి, 2019లో గడ్డి 66 వేల ఎకరాలకు పడిపోయింది. నీటి నాణ్యత ప్రమాణాలను అందుకున్న భాగం 1985–87లో 26.5 శాతం కాగా, 2020ల మొదట్లో సుమారు 30 శాతం. చెసపీక్ ఒప్పందాల కింద నడిచే కార్యక్రమపు శాస్త్ర సలహా సంఘం 2023లో ఇచ్చిన నివేదిక ఈ అంకెల వెనక కారణాలను వెతికింది. పొలాల్లో తీసుకున్న చర్యలు మోడల్ ఆశించినంత ఫలితం ఇస్తున్నట్టు లేదు. నేలలోకి ఇంకిన నత్రజని భూగర్భజలం గుండా నదికి చేరడానికి దశాబ్దాలు పట్టవచ్చు. రాయితీలు తేలికగా దొరికే చోట పనులు జరుగుతున్నాయి, అవసరం ఎక్కువ ఉన్న చోట జరగడం లేదు. అన్నిటికన్నా లోతైన కాలువ అడుగున ఆక్సిజన్ మీదే దృష్టి అంతా నిలిపే బదులు, చేపపిల్లలూ పీతలూ గడ్డీ బతికే తక్కువ లోతు నీటిలో ముందుగా ఫలితం రాబట్టవచ్చని అది సూచించింది.

తయారవుతున్న ఏడో దశ మోడల్‌లో ఆ సూచన కొంతవరకు చోటుచేసుకుంది. పాత మోడల్ చతుర్భుజపు గదులు చిన్న పాయలనూ తీరపు వంపులనూ సరిగా పట్టలేకపోయేవి. కొత్తది త్రికోణాల వలతో ఒడ్డు దగ్గర చిన్నవిగా, నడి అఖాతంలో పెద్దవిగా గదులు అల్లుతుంది. 2035 నాటి వానలనూ ఉష్ణోగ్రతనూ ఆధారం చేసుకుని రాష్ట్రాల వాటాలను దానితోనే తిరిగి లెక్కించాలని నిర్ణయించారు.